మోటారు సైకిలు ముందు ఫోర్కు : బాగుచేయించి యూరకుండవలెనా, మార్పవలెనా?

మోటారు సైకిలు ముందుచక్రమున కిరుప్రక్కల నిగనిగలాడు రెండు గొట్టములపై ఒకనాటి యుదయమున సన్నని నూనెచాఱ కానవచ్చును. తుడిచిన మఱునాడు మఱల వచ్చును. కొలది దినములలో ఆ నూనెకు దుమ్ము పట్టి నల్లని వలయ మేర్పడును. బండిని షాపునకు గొనిపోగా మెకానిక్కు చూచి, "ఆయిల్ సీళ్లు పోయినవి, ఫోర్కు విప్పవలెను" అనును. అంతటితో నాగక, "ఎటులైనను విప్పుచున్నాము గదండీ, పనిలో పనిగా గట్టి స్ప్రింగులు వేయించుకొనరాదా? కూలి యొకటే గదా" అనియు ననును.

ఈ మాటలో సత్యము లేకపోలేదు. సీలు మార్చుటకు ముందుచక్రము తీయవలెను. బ్రేకు కాలిపరు విడదీయవలెను. మడ్‌గార్డు నూడదీసి, పట్టీల బోల్టులు వదులుచేసి, గొట్టములను క్రిందికి లాగవలెను. పై మూత విప్పగానే స్ప్రింగు తనంతట తానే పైకి వచ్చును. అప్పుడు పాత స్ప్రింగునకు బదులు క్రొత్తది వేయుటకు ప్రత్యేకమైన శ్రమ యేమియు లేదు. ఆ పనినే ఆఱు నెలలు గడచిన తరువాత చేయింపవలెనన్నచో, కూలి యంతయు మఱల నిచ్చుకొనవలసినదే. అయినను ఇదే వాదముతో స్ప్రింగు, వాల్వు, చివరకు ఫోర్కు మొత్తము గూడ మార్పవచ్చును గదా! "ఎటులైనను విప్పితిమి" అను మాటకు హద్దు లేదు. సీలు కొఱకు వెళ్లినవాడు నెలజీతము ముగించుకొని వచ్చుట యరుదు కాదు.

అందుచేత హద్దు నెక్కడ గీయవలెనో విచారింతము. మా యభిప్రాయము ముందుగానే చెప్పెదము. కారుచున్న ఫోర్కు తన్ను గూర్చి తాను సరియైన సాక్ష్యము చెప్పలేదు. ఆ సమయమున బండి తూలినను, మునిగినను, దానిని బట్టి "స్ప్రింగు చాలదు" అని తీర్మానింపరాదు. కొలబద్దతో కొలిచి తేల్చవలెను. కొలత కోరినచో స్ప్రింగు మార్చుట కింతకన్న మంచి యదను లేదు. కోరనిచో సీళ్లు, నూనె మార్పించుకొని యింటికి వచ్చుటయే మేలు.

ఫోర్కు పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసినగాని యీ మాట యర్థము కాదు. తొలినాళ్ల మోటారు సైకిళ్లకు గర్డరు ఫోర్కులుండెడివి. చక్రము నొక చట్రమునకు బిగించి, ఆ చట్రమును చిన్న లంకెలతోను, నడుమ నొక స్ప్రింగుతోను బండికి దగిలించెడివారు. ఊపు నణచుటకు ఒరపిడి బిళ్లలు మాత్రమే యుండెడివి. వానిని చేతితో మరను త్రిప్పి బిగించుకొనవలెను. 1935లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు తమ ఆర్12, ఆర్17 బండ్లకు నూనెతో ఊపు నణచు టెలిస్కోపిక్ ఫోర్కును అమర్చి విక్రయించిరి. ఒక గొట్టము వేఱొక గొట్టములో దూరదర్శినివలె జొచ్చును గనుక ఆ పేరు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ యేర్పడి బుల్లెట్టు బండ్లను కూర్చుటకు మొదలిడునాటికి, ఆ బండి యిట్టి ఫోర్కుతోనే వచ్చుచుండెను. నేడు మన యూళ్లలో తిరుగు బండ్లలో అధికభాగమున కిదియే యాధారము.

ఈ గొట్టములలో రెండు వేఱువేఱు పనులు జరుగుచుండును. స్ప్రింగు బరువును మోయును. నూనె ఊపు నణచును. ఈ భేదమును మఱచుటవలననే పెక్కు తప్పుడు తీర్మానములు గలుగుచున్నవి. స్ప్రింగు నొక్కినంత శక్తిని దాచుకొని మఱల వెనుకకు దన్నును; నూనె లేనిచో బండి గుంతను దాటిన పిమ్మట ఉయ్యాలవలె నూగుచునే యుండును. గొట్టము లోపల రంధ్రములు గల యొక కడ్డీ యున్నది. దానిని డ్యాంపింగ్ రాడ్డందురు. ఫోర్కు కదలినపుడు నూనె యా రంధ్రముల గుండ దూరవలసివచ్చి, ఆ యిఱుకుమార్గమున శక్తి యంతయు వేడిమిగా మాఱిపోవును. సీలు కారి నూనె తగ్గినపుడు ఈ రెండవ పని చెడును. బ్రేకు నొక్కగానే ముక్కు మునుగును, లేచునపుడు ఎగిరిపడును. స్వారి "స్ప్రింగులు మెత్తబడినవి" యని తలంచును. నిజమునకు స్ప్రింగు ఎట్లున్నదో అట్లే యున్నది. క్రొత్త నూనె పోయగానే ఆ "మెత్తదనము" సగముపైగా మాయమగుట తఱచుగా జరుగును.

కావున మొదట సీలు సంగతి చూతము. కారుట కెల్లప్పుడును సీలు చినుగుటయే కారణము కాదు. సీలు పెదవి క్రింద ఇసుకరేణువో, ఎండిన బురదపొక్కో చిక్కుకొన్నను నూనె కారును. దుమ్ముమూతను పైకి జరిపి, పాత ఛాయాచిత్రపు ఫిల్ము ముక్కను గొట్టము చుట్టును సీలు క్రిందికి మెల్లగా జొనిపి త్రిప్పినచో ఆ చెత్త బయటికి వచ్చును. ఫిల్ము నేడు దొరకుట కష్టమైనను, ఆ మందముగల పలుచని ప్లాస్టిక్ ముక్క యేదైనను పనికివచ్చును. ఇట్లు కొన్ని ఫోర్కులు విప్పకయే బాగుపడును. ఏ షాపునను దీనిని ముందుగా చెప్పరు. అందులో వారి తప్పేమియు లేదు, కారిన సీలును మార్చుటయే వారి వృత్తి.

ఫిల్ముతో పోనిచో గొట్టమును పరీక్షింపవలెను. దానిపై క్రోమియపు పూత యున్నది. రాయి తగిలిగాని, వానలలో తుప్పు పట్టిగాని ఆ పూతలో సూదిమొనవంటి గుంటలు పడును. కంటి కానకపోయినను గోటితో నిమిరిన దెలియును. అట్టి గొట్టముపై క్రొత్త సీలు వేసినచో, ఆ గుంట యంచు దానిని కొలదినెలలలోనే చీల్చివేయును. యజమాని "సీలు నాసిరకము" అని దుకాణదారుని నిందించును! గుంట సీలు తిరుగు మేరకు పైభాగమున నున్నచో ప్రమాదము లేదు. సీలు జాఱు చోట నున్నచో గొట్టము మార్పవలెను, లేదా మఱల క్రోమియము పూయింపవలెను. తరువాత గొట్టము వంగినదా యని చూడవలెను. రెండు దిమ్మెలపై నుంచి దొర్లించుచు డయలుకొలతతో చూచినచో తెలియును; 0.2 మి.మీ. మించిన వంకరను పెక్కు కంపెనీల చేతిపుస్తకము లంగీకరింపవు. పడిన బండిని కొనినవారు ఈ పరీక్షను తప్పక చేయింపవలెను. లోపలి బుష్షులపై పూత యరిగి రాగి రంగు బయల్పడినచో అవియు మార్పవలసినవే.

ఇంకొకటి సర్వమునకు ముఖ్యము. కారిన నూనె బ్రేకు బిళ్లలపై బడినదా? పడినచో వానిని కడిగి తుడిచి మఱల వాడుట కూడదు. నూనె త్రాగిన బిళ్ల అవసరమువేళ పట్టు విడచును. క్రొత్త స్ప్రింగులకు డబ్బున్నది, బ్రేకు బిళ్లలకు లేదు అను లెక్కను మే మెన్నటికి నొప్పుకొనము. అట్లే చేతిపట్టీ క్రిందనుండు కోన్ సెట్టు వదులైనను, గరగరలాడినను ముందుభాగ మంతయు అదరును; ఆ యదరును ఫోర్కుపై నెట్టుదురు. ముందు టైరు అరిగియున్నను అంతే. ఇవన్నియు సరిపడిన పిమ్మట గాని స్ప్రింగు సంగతి రాదు.

ఇక కొలత. దీనిని ఫోర్కు విప్పకమునుపే, ఇంటివద్దనే చేసికొనవలెను. షాపులో గొట్టములు బల్లపై పరచిన తరువాత చేయుటకు వీలు గాదు. మెఱయు గొట్టము చుట్టును, దుమ్ముమూతను ఆనునట్లు, సన్నని ప్లాస్టిక్ పట్టీని కట్టుము. ఇద్దఱు బండిని పట్టి ముందుచక్రమును నేలనుండి లేపి, కానవచ్చు గొట్టము పొడవును కొలువుము. పిమ్మట నీవు రోజును ధరించు బట్టలతో, హెల్మెటుతో బండిపై గూర్చుండి, మఱియొకనిచేత దానినే మఱల కొలిపింపుము. ఒరపిడివలన కొలత మాఱును గనుక, ఒకమాఱు బండిని నొక్కి మెల్లగా పైకి రానిచ్చి, ఇంకొకమాఱు పైకెత్తి మెల్లగా దిగనిచ్చి, రెంటి సగటు తీసికొనుము. మొదటి కొలతనుండి రెండవ సగటును తీసివేసినచో వచ్చునది దిగుబాటు. దారిబండ్లకు ఇది ఫోర్కు మొత్తము కదలికలో నాలుగవ వంతునకును మూడవ వంతునకును నడుమ నుండుట మంచిదని వాడుక. కొలదిగా కారిన నూనెవలన ఈ కొలత పెద్దగా మాఱదు; ఏలయన నిశ్చలముగా నున్న బరువును మోయునది స్ప్రింగే. ఫోర్కు చెప్పు సాక్ష్యములలో నమ్మదగినది ఇదియొక్కటే.

ఈ లెక్క యెందుల కింత విలువగలదో ఒక యుదాహరణముతో చూతము. 2021లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350 బండి బరువు 195 కిలోలు. చక్రముల నడిమి దూరము 1390 మి.మీ.; ముందు ఫోర్కు కదలిక 130 మి.మీ. దానిపై 70 కిలోల మనుష్యుడు కూర్చుండినచో మొత్తము 265 కిలోలు. గురుత్వకేంద్రము నేలకు 650 మి.మీ. ఎత్తున నున్నదని యనుకొందము. భూమ్యాకర్షణలో పదింట ఆఱు వంతుల వేగముతో బ్రేకు పట్టినచో, వెనుకచక్రమునుండి ముందుచక్రమునకు మాఱు బరువు 265 × 0.6 × 650 ÷ 1390, అనగా సుమారు 74 కిలోలు. మన లెక్కకై ఒక్కొక్క స్ప్రింగును 1 మి.మీ. నొక్కుటకు 0.7 కిలోలు కావలెననుకొన్నచో, రెంటికి 1.4 కిలోలు. ఫోర్కు వాలును, లోపలి గాలి సాయమును విడిచి చూచినచో, ఆ 74 కిలోలకు ఫోర్కు 53 మి.మీ. మునుగును. దిగుబాటు 40 మి.మీ. ఉన్నదనుకొనుడు. 130లో 93 పోగా మిగిలినది 37 మి.మీ. మాత్రమే. బ్రేకు పట్టిన ఆ క్షణముననే చక్రము గుంతలో బడినచో, ఆ దెబ్బను తినుటకు ఉన్నది రెండంగుళములైన లేదు.

అదే స్ప్రింగు 0.9 కిలోలదైనచో మునుగుట 41 మి.మీ. దిగుబాటును 35కు సవరించుకొన్నచో 54 మి.మీ. మిగులును. ఈ తేడా 17 మి.మీ.యే యైనను వర్షాకాలమున మన రోడ్లపై అది చిన్నది కాదు. ఫోర్కు అడుగంటినపుడు చక్రము నేలను వదలి యెగురును. ఎగిరిన చక్రమునకు బ్రేకు లేదు, త్రోవ మళ్లింపును లేదు. గట్టి స్ప్రింగు వేయించుకొనుట కిదియే సరియైన హేతువు. అయితే 55 కిలోల విద్యార్థికి ఆ గట్టి స్ప్రింగే శత్రువగును. కదలవలసినచోట ఫోర్కు కదలక, చిన్న రాళ్లపై చక్రము ఎగిరెగిరి పడును, మణికట్టులు నొప్పిపుట్టును. కావున "గట్టిది మేలు" అను సూత్రము లేదు. బరువునకు తగినదే మేలు.

కొందఱు క్రొత్త స్ప్రింగునకు మాఱుగా పైమూత క్రింద గొట్టపుముక్క నొకటి పెట్టించి, స్ప్రింగును ముందే బిగియించుకొందురు. బండి పైకి లేచును; అది చూచి స్ప్రింగు గట్టిపడినదని సంతసింతురు. పైలెక్కలోని 1.4 కిలోలకు 1 మి.మీ. అను నిష్పత్తి మాత్ర మావంతయు మాఱదు. 10 మి.మీ. బిగించినచో బండి 10 మి.మీ. లేచి నిలుచును, బ్రేకు పట్టినపు డదే 53 మి.మీ. మునుగును. దిగుబాటు కొంచె మెక్కువైనపుడు ఇది చవుకయైన సవరణయే, కాని స్ప్రింగునకు బదులు కాదు.

వెనుక మనిషిని, పాలక్యానులను, ఎరువుల బస్తాలను మోయువారు సయితము ముందు స్ప్రింగులను గట్టిచేయింతుమందురు. ఆ బరువులో చాలభాగము వెనుకచక్రముపైననే పడును. వారికి మొదట కావలసినది వెనుక షాకబ్జార్బరుల సవరణ. వెనుక దిగి ముందు తేలిన బండికి ముందు స్ప్రింగు గట్టిచేసినచో, ముక్కు ఇంకను పైకి లేచి చేతిపట్టు తేలికబడును.

నూనె విషయమున మెకానిక్కులకును, పిల్లవాండ్రకును గల భ్రమలు పెక్కు. చిక్కని నూనె పోసినచో ఫోర్కు "టైటు" అగునని నమ్మెదరు. చిక్కదన మూపు నణచునే గాని బరువును మోయదు. పైగా రంధ్రముల గుండ దూరు నూనె వేగము రెట్టింపైనచో అడ్డగించు బలము నాలుగింతలగును. అందుచేత డ్యాంపింగ్ రాడ్డు గల ఫోర్కు మెల్లని కదలికయందు మెత్తగాను, గుంత యంచు తగిలినపుడు ఇనుపకమ్మివలెను ప్రవర్తించును. చిక్కని నూనెతో మొదటిది కొంత బాగుపడి, రెండవది మఱింత చెడును. సీసాలపై వ్రాసిన 10, 15 అంకెలైనను ఒక కంపెనీకిని ఇంకొకదానికిని ఒకటి కావు.

నూనె మట్టమును గూర్చి భౌతికశాస్త్ర తరగతిలో నేర్చిన బాయిలు సూత్రమును తలచుకొన్న చాలును. నూనెపై నున్న గాలి రెండవ స్ప్రింగు. ఫోర్కు చాచియున్నపుడు గాలి 3 పాళ్లు, పూర్తిగా ముణిగినపుడు 1 పాలు అగునన్నచో ఒత్తిడి 3 రెట్లగును. నూనెను అరపాలు ఎక్కువ పోసినచో గాలి 2½ పాళ్లనుండి ½ పాలునకు కుంచించుకొని, ఒత్తిడి 5 రెట్లగును. కదలిక తుదిని ఫోర్కు బిఱుసెక్కుట కిది చాలును. అతిగా పోసినచో ఆ యొత్తిడికే క్రొత్త సీళ్లు పగులును. కావున చేతిపుస్తకములో చెప్పిన మట్టమును కొలబద్దతో చూచి పోయవలెను. "అందాజుగా పోసితిమి" అను మెకానిక్కు వద్ద బండి నుంచుట మంచిది కాదు.

డ్యాంపింగ్ రాడ్డునకు గల యీ లోపమును దీర్చుటకు చిన్న వాల్వులు విక్రయింతురు. అవి రాడ్డు తలపై, స్ప్రింగు క్రింద కూర్చుండి, మెల్లని కదలికయందు దారిని మూసి, పెనుదెబ్బ తగిలినపుడు తెఱచుకొనును. దూరప్రయాణములు చేయువారికి ఇవి నిజముగా నుపయోగించును. అయితే వీనికై రాడ్డులో పెద్ద రంధ్రములు క్రొత్తగా తొలిపింపవలెను. తొలిచిన రంధ్రమును పూడ్చుట సులభము కాదు. రోజునకు నాలుగు మైళ్లు బడికిని, బజారునకును తిరుగు బండికి దీని యవసరము లేదు.

ఇక ఫోర్కు మొత్తమును పెఱికి, పందెపు బండ్లకు వలె తలక్రిందుల ఫోర్కు తగిలించు వేడుక యొకటి బయలుదేరినది. చూచుటకు ఠీవిగా నుండుట నిజమే. తగిన బండికి పుట్టుకతో వచ్చినపు డది గట్టిదే. కాని యొకదాని ఫోర్కును వేఱొకదానికి దగిలించినపుడు, పొడవు 30 మి.మీ. పెరిగి ముందుభాగ మంతమేర లేచినచో చట్రము ఒక డిగ్రీకి పైగా వెనుకకు వాలును. పట్టీల ముందుచాపు మాఱినచో చక్రము నేలను తాకు స్థానమునకును, చేతిపట్టీ ఇరుసు నేలను తాకు బిందువునకును నడిమి దూరము మాఱును. బండి తనంతట తాను తిన్నగా పోవుట ఆ దూరముమీదనే యాధారపడియున్నది. బ్రేకు కాలిపరు, ఇరుసు, ఏ.బి.ఎస్. సెన్సారు ఇవన్నియు క్రొత్తగా కుదుర్చవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. ప్రమాదము జరిగినపుడు ఇన్సూరెన్సు కంపెనీవా రడుగు మొదటి ప్రశ్నలలో ఇట్టిదొకటి యుండుట వింత కాదు. సాధారణ గృహస్థునకు ఈ మార్పు వలదని మా దృఢాభిప్రాయము.

ఒక్క సందర్భమున మాత్రము లెక్క తిరుగబడును. గొట్టములు రెండును గుంటలుపడి, బుష్షులరిగి, పాత బండి యగుటచే కంపెనీ భాగములు దొరకకయో, దొరకినను మిక్కిలి ప్రియమై యో యున్నపుడు, అదే బండికి సరిపోవునట్లు చేసిన మేలైన ఫోర్కు లోపలిభాగముల ధరతో దానిని పోల్చి చూచుట న్యాయము. అప్పుడది విలాసము గాక మరమ్మతే యగును.

ఏది చేయించినను రెండు కాళ్లకును ఒక్కటిగనే చేయింపవలెను. ఒక సీలే కారినను రెండును మార్పవలెను. విప్పినపుడు పాత స్ప్రింగుల పొడవును కొలిపించి చేతిపుస్తకములోని హద్దుతో సరిచూడవలెను. మఱల కూర్చునపుడు ఇరుసు పట్టీ బోల్టును వెంటనే బిగింపక, చక్రము నేలపై నుండగా చేతిపట్టీని నాలుగైదుమాఱులు గట్టిగా నొక్కి, కాళ్లు రెండును తమతమ స్థానములందు కుదిరిన పిమ్మట బిగింపుమని చెప్పవలెను. ఈ చిన్నపని మానివేయుటచేత క్రొత్త సీళ్లతో, క్రొత్త స్ప్రింగులతో గూడ ఫోర్కు బిగుసుకొని సరిగా కదలకుండుట కలదు. తరువాత పాత ప్లాస్టిక్ పట్టీని గొట్టముపై మఱల దించి, నిత్యము పోవు దారిలో ఒక వారము తిరిగి రమ్ము. పట్టీ యెంత పైకి పోయి నిలిచినదో చూచినచో, ఆ వారములోని మిక్కిలి చెడ్డ గుంతకును నీ ఫోర్కులో ఎన్ని మిల్లీమీటర్లు మిగిలినవో కానవచ్చును.